మన పేపరు... వాళ్ళ పేపరు

ప్రభుత్వం మారినప్పుడల్లా టీవీలో కొన్ని ఛానెళ్ళు మాయమవుతున్నాయి. ఏ పత్రిక ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇన్ని తెలిసిన మన దగ్గరే అబద్ధం ఇంత సులువుగా ఎలా చెల్లుబాటవుతోంది?

2024 జూన్. ఓట్ల లెక్కింపు అయిపోయింది. ఊరేగింపుల్లో కాల్చిన టపాకాయల చెత్త ఇంకా రోడ్డు పక్కనే ఉంది. కృష్ణా జిల్లాలో ఓ ఊరు అనుకోండి. రాత్రి భోంచేసి పెద్దాయన టీవీ ముందు కూర్చుని రోజూ చూసే నంబరు నొక్కాడు. తెర మీద బొమ్మ లేదు. మళ్ళీ నొక్కాడు. రిమోట్‌లో బ్యాటరీలు తీసి అరచేతిలో రుద్ది మళ్ళీ పెట్టాడు. సెట్‌టాప్ బాక్సు ఆపి వేశాడు. పాటలు వస్తున్నాయి, సీరియల్ వస్తోంది, తిరుమల కల్యాణోత్సవం వస్తోంది. ఆ ఒక్క ఛానెలే లేదు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాడు.

‘‘ఏరా, వార్తలు రావట్లేదేంట్రా?’’

‘‘వస్తున్నాయిగా బాబాయ్, వేరేది పెట్టుకో.’’

‘‘నాకు అదే కావాలి.’’

‘‘అది పైనుంచే ఆగింది. మా చేతుల్లో ఏం లేదు.’’

‘‘పైనుంచంటే ఎక్కణ్ణుంచిరా?’’

కుర్రాడు నవ్వేసి ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఫోన్లు చాలా ఇళ్ళలో నడిచాయి. సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ చాలాచోట్ల కేబుల్లో కనబడకుండా పోయాయి. గెలిచినవాళ్ళు మాకేం సంబంధం లేదన్నారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. ఛానెళ్ళను మళ్ళీ ప్రసారం చేయండని కోర్టు 15 కేబుల్ సంస్థలను ఆదేశించాల్సి వచ్చింది.

ఇది మొదటిసారి అయితే తెలుగుదేశం కూటమిని నాలుగు మాటలని ఊరుకోవచ్చు. కానీ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన కొన్ని నెలలకే టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఇలాగే కేబుల్లోంచి ఎగిరిపోయాయి. అంతకుముందు 2016 జూన్‌లో, కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో, చంద్రబాబు ప్రభుత్వం ఉండగా సాక్షి టీవీ ఆగిపోయింది. తెలంగాణ ఏర్పడిన నెలలోనే, 2014 జూన్‌లో, టీవీ9, ఏబీఎన్ ఆ రాష్ట్రంలో బంద్ అయ్యాయి. టీవీ9 ‘బుల్లెట్ న్యూస్’లో కొత్త ఎమ్మెల్యేల మీద వేసిన వెటకారానికి అసెంబ్లీకి కోపం వచ్చింది. వెటకారం మోటుగానే ఉంది, తెలంగాణవాళ్ళు నొచ్చుకోవడంలో న్యాయమూ ఉంది. కానీ ఒక కార్యక్రమానికి శిక్షగా నెలల తరబడి ఛానెలే లేకుండా పోయింది. ఆ సెప్టెంబరులో వరంగల్ సభలో నాటి ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను కించపరిచేవాళ్ళను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామనే దాకా వెళ్ళారు.

పసుపు, నీలం, గులాబీ. ఏ పార్టీ రంగూ ఇందులో వెనకబడలేదు. తన ఛానెల్ ఆగితే ప్రజాస్వామ్యం ఖూనీ అయిందంటారు, ఎదుటివాడిది ఆగితే ‘‘జనమే చూడటం మానేశారు’’ అంటారు. ఇంకా చిత్రం ఏమిటంటే, అదే మాట మనమూ అంటాం. సగం ఊరికి బాధ, సగం ఊరికి పండగ.

కాగితం లేని సెన్సారు

పాతకాలపు సెన్సారుకు ఒక ముఖం ఉండేది. 1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును, తిరునల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి తెల్లదొరలు జైలుకు పంపారు. శిక్ష వేసింది ఎవరో, ఏ వ్యాసానికో, ఎన్నేళ్ళో కోర్టు కాగితంలో ఉంది. నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఆ కాగితం కూడా అక్కరలేకపోయింది. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని తన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’లో రాసిన షోయబుల్లా ఖాన్‌ను, 1948 ఆగస్టు 21 రాత్రి, పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే రజాకార్లు నరికి చంపారు. చెయ్యి తెగ్గొట్టారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు నిండలేదు. అది హత్య. కానీ చేసింది ఎవరో ఊరందరికీ తెలుసు.

ఎమర్జెన్సీలోనూ అంతే. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న బహదూర్‌షా జఫర్ మార్గ్‌లో కరెంటు తీసేశారు. ఆ తర్వాత సెన్సారు అధికారి చూసి సరేనంటేనే అచ్చు. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు తెల్లగా వదిలేసింది. ఆ తెల్ల జాగాను చూసిన పాఠకుడికి అక్కడేదో ఆపేశారని తెలిసింది.

ఇప్పుడా తెల్ల జాగా కనబడదు. ఛానెల్ ఉపగ్రహం నుంచి ఎంఎస్‌ఓకు, అంటే జిల్లాలకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థకు వస్తుంది. అక్కణ్ణుంచి మీ వీధి ఆపరేటర్‌కు, ఆయన దగ్గర్నుంచి మీ ఇంటికి. ఈ గొలుసులో ఛానెల్‌ను ఆపడానికి ఏ జీవో అక్కరలేదు, ఏ మంత్రీ సంతకం పెట్టక్కరలేదు. ఆ కేబుల్ తీగలు వేలాడేది కరెంటు స్తంభాల మీద. స్తంభాలు డిస్కంలవి, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలవి. డిస్కంలు ప్రభుత్వానివి. ఎంఎస్‌ఓకు ఎవరైనా గట్టిగా చెప్పాలా? చెప్పకపోయినా లెక్క అర్థమవుతుంది. కోర్టులో అడిగితే సాంకేతిక సమస్య అనో, బిల్లుల గొడవ అనో ఒక కారణం చెబుతారు. కేసు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్ళి, వాయిదా పడి, ఉత్తర్వు వచ్చేసరికి అప్పటి వార్త పాతబడిపోతుంది. ఆపినవాళ్ళకు కావలసింది అంతే.

కాగితం మీద చేసిన ప్రయత్నాలు కూడా లేకపోలేదు. 2007 ఫిబ్రవరిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జీవో 938 తెచ్చింది. తప్పుడు వార్తలు రాసే పత్రికల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకు ఇస్తున్నామంది. జర్నలిస్టులు రోడ్డెక్కాక వెనక్కి తగ్గింది. పన్నెండేళ్ళ తర్వాత, 2019 అక్టోబరులో, జగన్ ప్రభుత్వం జీవో 2430తో అదే పని మళ్ళీ చేసింది. తండ్రి జీవోకు దుమ్ము దులిపి కొత్త నంబరు వేసినట్టే ఉంది. 2021లో టీవీ5, ఏబీఎన్‌ల మీద రాజద్రోహం కేసు పెడితే, సుప్రీంకోర్టు వాటి మీద కఠిన చర్యలు వద్దని ఆపింది.

2025 కూడా తక్కువ తినలేదు. మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా యూట్యూబ్ జర్నలిస్టులను అరెస్టు చేశారు. తెలంగాణ ముఖ్యమంత్రిని ఓ రైతు తిడుతున్న వీడియోను ప్రసారం చేయడం వాళ్ళ మీద వచ్చిన అభియోగం. జూన్‌లో సాక్షి టీవీ యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైదరాబాద్ వచ్చి పట్టుకెళ్ళారు. అమరావతి ప్రాంత మహిళల గురించి నీచమైన మాట అన్నది చర్చకు వచ్చిన అతిథి. ఆ మాటను సమర్థించేవాడు ఉండడు. కానీ అతిథి మాటకు యాంకర్‌ను జైల్లో పెట్టడం కుదరదని, నాలుగు రోజులకే సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేయించింది.

అమృతాంజనం డబ్బు, కాంట్రాక్టు డబ్బు

ఇంతకీ ప్రభుత్వాలకు పత్రికలంటే ఇంత కక్ష ఎందుకు? వార్తల మీద కోపం కొంతే. ఎక్కువ కోపం యజమాని మీద.

తెలుగు పత్రిక మొదట్నుంచీ ఇంకో వ్యాపారం పెట్టే తిండి తినే పెరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ లాభాలతో 1908లో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు డబ్బుతో స్వాతంత్ర్య పోరాటం గురించి, ఆంధ్రోద్యమం గురించి రాశారు. రామ్‌నాథ్ గోయెంకా 1938లో ‘ఆంధ్రప్రభ’ పెట్టారు. 1974 ఆగస్టు 10న విశాఖలో ‘ఈనాడు’ మొదలయ్యే నాటికి రామోజీరావుకు మార్గదర్శి చిట్‌ఫండ్ నడిపిన పన్నెండేళ్ళ అనుభవం ఉంది. 1984లో దాసరి నారాయణరావు సినిమా డబ్బుతో ‘ఉదయం’ తెచ్చారు. అది ఎంత ఆర్భాటంగా వచ్చిందో, 1995లో అంత దిగులుగా మూతపడింది. మూతబడిన ‘ఆంధ్రజ్యోతి’ని 2002లో దానిలోనే రిపోర్టరుగా పనిచేసిన వేమూరి రాధాకృష్ణ కొని మళ్ళీ నిలబెట్టారు. 2008 మార్చిలో జగన్‌మోహన్‌రెడ్డి ‘సాక్షి’ ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఉరకలెత్తుతున్న 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చి, టీఆర్‌ఎస్ గొంతయింది. వీ6, వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. ఆయన కాంగ్రెస్, టీఆర్‌ఎస్, బీజేపీ చుట్టి మళ్ళీ కాంగ్రెస్‌కు చేరి, 2025లో మంత్రి అయ్యారు.

కమ్యూనిస్టుల ‘విశాలాంధ్ర’, ‘ప్రజాశక్తి’ల సంగతి వేరు. మేం పార్టీ పత్రికలమేనని అవి దాపరికం లేకుండా చెప్పుకున్నాయి. చదివేవాడికి ఆ లెక్కతోనే చదివే వీలుంది.

పంతులుగారికీ ఇప్పటి యజమానులకూ తేడా వ్యాపారం ఉండటంలో లేదు. అమృతాంజనం సీసా అమ్ముడుపోవడానికి మంత్రి పేషీ ముందు కుర్చీలో ఎదురుచూడాల్సిన పని లేదు. నీటిపారుదల కాంట్రాక్టు, సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి లీజు, లేఅవుటుకు భూమార్పిడి అనుమతి, ప్రైవేటు మెడికల్ కాలేజీకి సీట్లు అలాంటివి కావు. ప్రతిదానికీ ఒక ప్రభుత్వ సంతకం కావాలి. ఆ సంతకం పెట్టేవాడి గురించే మరుసటి రోజు పేపర్లో రాయాలి.

2018లో టీవీ9 యాజమాన్యం అలంద మీడియా చేతికి వచ్చింది. దాని వెనక ఉన్నవి మైహోమ్, మేఘా గ్రూపులు. ఒకరిది సిమెంటు, రియల్ ఎస్టేటు. ఇంకొకరిది సాగునీటి ప్రాజెక్టులు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2024 మార్చిలో ఎలక్టోరల్ బాండ్ల జాబితా బయటికొచ్చినప్పుడు, మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉందని తేలింది. ఇందులో చట్టవిరుద్ధం ఉందని నేననను. ఆ కాంట్రాక్టు కంపెనీ ప్రయోజనాలు గుర్తుంచుకుని ఛానెల్ చూడమనే చెబుతున్నాను.

ప్రభుత్వాలకూ ఈ ముడి బాగా తెలుసు. అందుకే వార్తను ఖండించే బదులు యజమాని రెండో వ్యాపారం మీద పడతాయి. మార్గదర్శి మీద 2006లో ఒక కేసు, మళ్ళీ జగన్ హయాంలో సీఐడీ సోదాలు. అవతల, సాక్షిని ప్రచురించే జగతి పబ్లికేషన్స్‌లోకి వచ్చిన పెట్టుబడులు ముడుపులేనని సీబీఐ ఛార్జిషీట్లు. నేరం ఉందా లేదా అన్నది కోర్టులు తేల్చాలి. ఈ కేసుల వార్తలు ఎవరి పేపర్లో ఎన్నో పేజీలో వస్తాయో మాత్రం మనం ముందే చెప్పగలం.

| బాక్స్ | వలంటీరుకు పేపరు డబ్బులు |

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు నెలకు 200 రూపాయలు ఇస్తూ, ఎక్కువ సర్క్యులేషన్ ఉన్న ఒక దినపత్రిక కొనుక్కోమంది. వలంటీర్లు దాదాపు రెండున్నర లక్షల మంది. అంటే నెలకు 5 కోట్ల రూపాయలు. పత్రిక పేరు జీవోలో లేదు. అయినా ఇది నాటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబ పత్రిక సాక్షిని పెంచడానికేనని ఈనాడు సంస్థ కోర్టుకెక్కింది. కేసును 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. తెలుగు పేపరు మీద తెలుగు ప్రభుత్వ జీవో, విచారణ ఢిల్లీలో. ఇక్కడి పార్టీలకు ఇక్కడి కోర్టు మీద కూడా అనుమానాలుంటే ఇంకేం చేస్తారు?

లైను అకౌంట్

పైన యజమాని, ముఖ్యమంత్రి. కింద మండల విలేకరి. వార్త పుట్టేది ఇతని దగ్గరే.

అతన్ని పేపర్లో కంట్రిబ్యూటర్ అంటారు, ఊళ్ళో రిపోర్టర్ అంటారు. జీతం ఉండదు. అచ్చయిన వార్తకు కొలత చూసి ఇచ్చే లైను అకౌంట్ వస్తుంది. అది పెట్రోలుకు కూడా చాలదు. చేతిలో గుర్తింపు కార్డు, బైకు మీద ‘ప్రెస్’ అక్షరాలు ఉంటాయి. ఇల్లు గడవడానికి పక్కన ఎల్‌ఐసీ ఏజెన్సీయో, ఫొటో స్టూడియోనో, పొలమో ఉండాలి.

ఆగస్టు 15 దగ్గరికొస్తే డెస్కు నుంచి ఫోన్ వస్తుంది. యాడ్ టార్గెట్ ఎంత అయిందని. సంక్రాంతికి, జనవరి 26కి, పత్రిక వార్షికోత్సవానికి, ఎమ్మెల్యేగారి పుట్టినరోజుకి కూడా అంతే. మండలంలో యాడ్ ఇవ్వగల వాళ్ళెవరు? సర్పంచి, ఎంపీపీ, ఇసుక ర్యాంపు నడిపేవాడు, క్వారీ ఓనరు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు, వైన్ షాపు సిండికేట్, స్టేషన్ ఎస్సైగారి తరపున ఎవరో ఒకరు. ఇప్పుడు మండలంలో రాయదగ్గ వార్తలు ఎవరి మీద ఉంటాయో లెక్కేయండి. రెండు జాబితాలూ ఒకటే.

‘‘అన్నా, ఒక క్వార్టర్ పేజీ ఇవ్వవా’’ అని అడిగి తెచ్చిన నెలలో ఆ అన్న క్వారీ పేలుళ్ళకు పగిలిన గోడల గురించి రాయడం ఎంత కష్టమో పై పేజీల్లో సంపాదకీయాలు రాసేవాళ్ళకు తెలియకపోవచ్చు. రాసినా ఏమవుతుంది? 1989లో ఈనాడు మొదలుపెట్టాక అందరూ పట్టుకున్న జిల్లా అనుబంధాల్లో ఆ వార్త ఒక మూల పడుతుంది. ఆ జిల్లా దాటదు. పక్క జిల్లావాడికి తెలియదు, హైదరాబాద్‌లో కమిషనర్‌కు అసలే తెలియదు. ‘‘వేశాం కదా’’ అని డెస్కు అంటుంది. వేసిన మాట నిజమే.

ఇక అక్రిడిటేషన్, బస్ పాస్, ఇళ్ళ స్థలం. మూడూ ప్రభుత్వం ఇచ్చేవే. ఇరవై, ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి సొంతిల్లు లేని జర్నలిస్టు స్థలం అడగడంలో తప్పేముంది అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు హైదరాబాద్‌లో ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, జడ్జీలకు, అధికారులకు, జర్నలిస్టులకు తక్కువ ధరకు భూములిచ్చిన పాత జీవోలను కొట్టేసింది. ఎవరెవరు ఒకే వరుసలో నిలబడ్డారో చూడండి: చట్టం చేసేవాళ్ళు, అమలు చేసేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు, వీళ్ళందర్నీ నిలదీయాల్సినవాళ్ళు.

| బాక్స్ | ప్రెస్ కౌన్సిల్ దాచిన నివేదిక |

2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థి ప్రచారాన్ని వార్తలా అచ్చేసిన ‘పెయిడ్ న్యూస్’ బాగోతం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్ళు పేర్లతో సహా రాశారు. కౌన్సిల్ 2010లో పేర్లు లేని చిన్న నివేదిక విడుదల చేసి చేతులు దులుపుకుంది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి నివేదికను జనం ముందు పెట్టింది. పత్రికల గురించిన నిజాన్ని పత్రికల మంచిచెడ్డలు చూడాల్సిన కౌన్సిలే దాచిపెడితే, సమాచార హక్కు చట్టం బయటికి లాగింది.

రెండు పేపర్లూ రాయనిది

‘‘రెండు పేపర్లు చదివితే గానీ సంగతి తెలియదు’’ అన్నది మన దగ్గర పాతబడ్డ మాట. టీకొట్టు దగ్గర, సెలూన్లో రెండూ ఉంటాయి. కొందరు ఇంటికే రెండూ వేయించుకుంటారు. మంచి అలవాటే. దాని పరిధి ఎంతో కూడా తెలియాలి.

రెండు పార్టీల మధ్య గొడవైతే రెండు పేపర్లు పనికొస్తాయి. ఒకరు దాచింది ఇంకొకరు చెబుతారు. ఇద్దరికీ డబ్బులిచ్చేవాడి గురించైతే? ఇంటర్, జేఈఈ, నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తీసి చూడండి. మొదటి పేజీ కనబడదు, దాని మీద కార్పొరేట్ కాలేజీ ‘జాకెట్ యాడ్’ తొడుగు. పాస్‌పోర్టు ఫొటోల వరుసలు, 1, 2, 3 ర్యాంకులు, రెండు కాలేజీల యాడ్‌లోనూ ఒకోసారి ఒకే పిల్లాడి మొహం. అదే పేపర్లో వేరే రోజు, లోపలి పేజీలో, సింగిల్ కాలమ్: హాస్టల్లో ఉరేసుకున్న విద్యార్థిని. పిల్ల ఊరు ఉంటుంది, తండ్రి ఏం చేస్తాడో ఉంటుంది, ఏ సంవత్సరం చదువుతోందో ఉంటుంది. కాలేజీ మాత్రం చాలాసార్లు ‘ఓ ప్రైవేటు కళాశాల’. చనిపోయిన పిల్లకు పేరుంది, కాలేజీకి లేదు. ఈ విషయంలో మన పేపరుకూ వాళ్ళ పేపరుకూ పేచీ ఏమీ లేదు.

ఈ మౌనం పార్టీ మౌనం కంటే బలమైనది. పార్టీ ఐదేళ్ళకోసారి మారుతుంది, జాకెట్ యాడ్ ఏటా వస్తుంది.

ఆ సాయంత్రం అద్దాలు పగిలాయి

యజమాని ఎవరో తెలిస్తే చాలు, వార్త మోసం చేయలేదు అనుకునేవాళ్ళకు 2010 జనవరి 7 గుర్తుచేయాలి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి నాలుగు నెలలు అయింది. జనంలో దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సాయంత్రం టీవీ5 ఒక సంచలనం బయటపెట్టింది: ప్రమాదం వెనక రిలయన్స్ కుట్ర ఉందట. ఆధారం? ఒక విదేశీ వెబ్‌సైట్లో ఎప్పుడో వచ్చిన రాత. అది కూడా నెలల కిందటిది. కాసేపటికి ఇంకో ఛానెల్ ఎత్తుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. ఇంటి దగ్గర రిమోట్ తిప్పుతున్న మనిషికి మూడు చోట్ల ఒకే మాట వినబడింది. ‘‘అందరూ చెబుతున్నారంటే నిజమే అయుంటుంది.’’ నిజానికి చెప్పింది ఒక్కరే, మిగతావి దాని ప్రతిధ్వనులు. రాత్రికి రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాల మీద, బంకుల మీద రాళ్ళు పడ్డాయి. టీవీ5 జర్నలిస్టులు అరెస్టయ్యారు.

ఇక్కడ పసుపు, నీలం లెక్క ఏమీ పనిచేయలేదు. అడగాల్సిన ప్రశ్నలు మామూలువి. ఇది మొదట ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఎప్పుడు చెప్పారు? నాలుగు ఛానెళ్ళలో వస్తే నాలుగు ఆధారాలున్నాయా, ఒకే ఆధారం నాలుగుసార్లు వినబడిందా? ఇప్పుడు వాట్సాప్‌లో రోజుకు పదిసార్లు ఇదే జరుగుతోంది. ఎన్నికలప్పుడైతే పత్రికల లోగోలతో దొంగ క్లిప్పింగులు తయారవుతాయి. వాటిలో ఒక తమాషా ఉంది. ‘‘ఆ పేపర్ను నమ్మకండి’’ అని రోజూ చెప్పే పార్టీ మనుషులే, దొంగ క్లిప్పింగ్ చేయాల్సి వస్తే ఆ పేపర్ లోగోనే పెడతారు. వాళ్ళ పేపర్లోనే మన గురించి మంచిగా వచ్చిందంటే జనం నమ్ముతారని వాళ్ళకు తెలుసు. పట్టుకోవడం పెద్ద పని కాదు. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీ చూస్తే చాలు. అక్షరాల తీరు కూడా తేడాగా ఉంటుంది. చూసేవాళ్ళు తక్కువ, ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఎక్కువ.

ఖాళీ కుర్చీలు

బహిరంగ సభ జరిగిన మర్నాడు రెండు పేపర్లు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో జనసంద్రం. ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు. ‘‘చూశావా, వాళ్ళు ఎంత అబద్ధాలకోరులో’’ అంటాం, మనకు నచ్చని ఫొటో చూపించి. నిజానికి రెండు ఫొటోలూ అసలువే కావచ్చు. ఒకటి నాయకుడు మాట్లాడుతుండగా వేదిక మీదనుంచి ముందు వరసల్ని తీసింది. రెండోది ఆయన రావడం రెండు గంటలు ఆలస్యమైనప్పుడో, సగం ప్రసంగంలో లారీలు బయల్దేరుతున్నప్పుడో వెనకనుంచి తీసింది. ఎప్పుడు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని అడిగితే రెండు ఫొటోలూ కలిపి ఆ సభ గురించి చాలా చెబుతాయి. ‘ఇది ఎవరి పేపరు’ అన్న ప్రశ్నతో ఆగిపోతే ఏమీ చెప్పవు.

నా ఫిర్యాదు ఇక్కడే. తెలుగు పాఠకుడికి అనుమానం తక్కువ లేదు. ఎవరి పేపరు ఏదో, ఎవరి ఛానెల్ వెనక ఎవరున్నారో మనకు తెలిసినంతగా దేశంలో ఎంతమందికి తెలుసో! ఆ తెలివిని మనం పనికి పెట్టేది ఒక్కచోటే: నచ్చని వార్తను చదవకుండా కొట్టిపారేయడానికి. వాళ్ళ పేపర్లో వచ్చిందంటే జీవో నంబరు, తేదీ, సర్వే నంబరు ఇచ్చినా అబద్ధమే. మన పేపర్లో వచ్చిందంటే ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అన్న నాలుగు ముక్కలు చాలు. నిజానికి ప్రత్యర్థి పత్రిక జీవో నంబరుతో రాస్తే దాన్నే ముందు చదవాలి. తప్పు రాస్తే కేసు పడుతుందని దానికి తెలుసు కాబట్టి ఆ ముక్క వరకు జాగ్రత్తగా ఉంటుంది. సొగసులన్నీ శీర్షికలో పెట్టుకుంటుంది.

యజమాని సంగతి తెలుసుకోవడానికీ ఊహాగానాలు అక్కరలేదు. 1956 నాటి నిబంధనల ప్రకారం పత్రికలు ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ అనే చిన్న ప్రకటన వేస్తూ వచ్చాయి. ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుడు, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉండాలి. పాత సంచికలు లైబ్రరీలో దొరుకుతాయి, తిరగేయండి. చాలాచోట్ల మనిషి పేరు బదులు ఇంకో కంపెనీ పేరుంటుంది. ఆ కంపెనీ వెనక ఎవరో కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో వంద రూపాయలు కట్టి చూడొచ్చు. డైరెక్టర్ల పేర్లు చూశాక, వాళ్ళు ఇంకా ఏ కంపెనీల్లో డైరెక్టర్లో చూడండి. సచివాలయం దాకా దారి కనబడుతుంది. ప్రభుత్వం ఏ పత్రికకు ఎన్ని కోట్ల యాడ్లిచ్చిందో సమాచార పౌరసంబంధాల శాఖను ఆర్‌టీఐ కింద అడగొచ్చు. పది రూపాయల దరఖాస్తు.

అటకెక్కిన సిఫార్సు

2014 ఆగస్టు 12న టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ మీడియా యాజమాన్యం మీద సిఫార్సులు ఇచ్చింది. తెలంగాణలో రెండు ఛానెళ్ళు చీకట్లో ఉన్న రోజులవి. రాజకీయ పార్టీలు, ప్రభుత్వాలు, వాళ్ళ చేతికింది సంస్థలు ప్రసార రంగంలోకి రాకూడదని, ఉన్నవాళ్ళకు బయటికి పోయే దారి చూపాలని అందులో ఉంది. ఇదే మాట 2008లో ఒకసారి, 2012లో మరోసారి కూడా చెప్పింది. చట్టం చేయాల్సింది పార్లమెంటు. పార్లమెంటులో కూర్చున్న తెలుగు ఎంపీల్లో ఎవరి పార్టీకి ఛానెల్ లేదు, ఎవరి బంధువుకు పేపర్ లేదు? అన్ని పార్టీలూ ఒక్కమాట మీద నిలబడిన అరుదైన విషయాల్లో ఇదొకటి. ఆ సిఫార్సును అమలుచేస్తామని అప్పటినుంచి ఒక్క తెలుగు పార్టీ మేనిఫెస్టోలో నేను చదవలేదు. మనకు నచ్చిన పార్టీని కూడా అడిగి చూడొచ్చు, ఎందుకు పెట్టలేదని.